నా జీతం మీద రెండు గీతలు

షాద్‌నగర్ చౌరస్తాలో మిర్చిబజ్జీల బండి మీద కూడా నలుపు తెలుపు గళ్ల అట్ట వేలాడుతున్న రోజులవి. కొబ్బరిబొండాల ఆయనకు, చెప్పులు కుట్టే తాతకు, బస్టాండులో పల్లీలమ్మే అవ్వకు, అందరికీ డబ్బులు ఫోన్‌లోనే టింగుమని వచ్చిపడేవి. అలాంటి రోజుల్లో, డిగ్రీ చదివి, చేతిలో ఫోను పెట్టుకుని, నెల జీతాన్ని ఒక కాగితం ముక్క మీద పుచ్చుకున్న మనిషిని మా కంపెనీ మొత్తంలో మొదట నేనొక్కదాన్నే. 'చెక్కు పిల్ల' అని పిలిచేవాళ్లు. (మా ఇంట్లో అంతకుముందే 'జగమొండి' అనే బిరుదు ఉంది కనుక ఈ కొత్త బిరుదును నేను పెద్దగా పట్టించుకోలేదు.) అది నా ఖర్మ కొద్దీ వచ్చిన చెక్కు కాదు. కొట్లాడి తెచ్చుకున్న చెక్కు. తెచ్చుకున్నాక, అదేమిటో తెలియక మళ్లీ దాని మీదే కొట్లాడాను. ఆ రెండో కొట్లాట గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వితే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. ఊరు షాద్‌నగర్‌కు పాలమూరు వైపున, కంపెనీ బస్సు వచ్చేంత దగ్గరలో. అమ్మ ఇంటినీ, చెలకనూ చూసుకునేది. బాపు మందతో తిరిగేవాడు. బాపును కన్న అవ్వ ఇంట్లో ఉంటే ఊపిరాడదని వయసైపోయినా బాపు వెంట మందతోనే పోయేది. మా ఇంట్లో ఒక అలవాటుంది. ఆడపిల్ల పుట్టినా, మగపిల్లవాడు పుట్టినా, ఆ బిడ్డ పేరున ఒక ఆడ గొర్రెపిల్లను విడుస్తారు. చెవికి ఒక గాటు పెడతారు. ఇక ఆ గొర్రె, దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ ఆ బిడ్డవే. నా డిగ్రీ ఫీజు కట్టింది నా గొర్రెలే. ఒక్కో దాన్ని అమ్మే ముందు బాపు నన్ను అడిగేవాడు. నేను ముక్కు చీమిడి తుడుచుకునే వయసులో కూడా, బేరగాడిని పక్కన నిలబెట్టి, "బిడ్డా, నీ గొర్రెను అడుగుతుండు. ఇద్దామా?" అని అడిగేవాడు. ఒకసారి నేను ఇయ్యనంటే ఆ బేరగాడు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు కూడా. అలా పెరిగిన దాన్ని తీసుకుపోయి మా పద్ధతి సారు ముందు నిలబెట్టారు. ఇంకేముంటుంది?

పద్ధతి సారు అంటే మా కంపెనీ మేనేజరు. అది కోళ్ల దాణా తయారుచేసే కంపెనీ. నన్ను ఆఫీసులో లారీల బిల్లులు కంప్యూటర్‌లో కొట్టడానికి తీసుకున్నారు. మేనేజరు గారు మనిషి చెడ్డవాడు కాదు. చొక్కా ఇస్త్రీ నలగనిచ్చేవాడు కాదు, ఆలస్యంగా వచ్చేవాడు కాదు, నోటి వెంట చెడ్డమాట రానిచ్చేవాడు కాదు. కాకపోతే ప్రపంచంలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉందనీ, అది తనకు తప్ప ఎవరికీ తెలియదనీ ఆయన నమ్మకం. టీ గ్లాసు కుడివైపు పెట్టడం పద్ధతి, ఎడమవైపు పెట్టడం పద్ధతి కాదు. నేను చేరిన రోజే నన్ను పిలిచి, పెన్ను మూత తీసి పట్టుకుని అడిగాడు.

"మీ నాన్నగారి అకౌంటు నంబరు చెప్పమ్మా."

"బాపుది ఎందుకు సార్? పని నేను చేస్త కద."

"ఇక్కడ ఆడపిల్లల జీతాలు తండ్రుల ఖాతాల్లో వేస్తాం. పెళ్లయిన వాళ్లవి భర్తల ఖాతాల్లో. అది పద్ధతి."

"మరి మగపిల్లల జీతాలు తల్లుల ఖాతాలల్ల ఏస్తరా సార్?"

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "అది పద్ధతి కాదు," అన్నాడు.

ఆ కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ నిండా ఆడవాళ్లే. జీతం పడే రోజున అక్కడ చడీచప్పుడూ ఉండేది కాదు. మోగాల్సిన ఫోన్లన్నీ ఊళ్లలో ఉండేవి, తండ్రుల జేబుల్లో, మొగుళ్ల జేబుల్లో. బస్సులో నా పక్కన కూర్చునే ఒకావిడను అందరూ టిఫిను అక్క అనేవాళ్లం. (ఎవరు ఆకలితో వచ్చినా తన డబ్బాలోంచి సగం పెట్టేది.) ఆమె తన జీతంలోంచి గాజులకు పైసలు కావాలంటే మొగుణ్ణి అడగాలి. అడిగితే ఆయన, "నెలనెలా ఇంత ఖర్చేంది నీకు?" అనేవాడట. ఆ మాట చెప్పి ఆమె నవ్వేది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను మేనేజరుతో తెగేసి చెప్పాను. స్కూల్లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా మా ఊరి బ్యాంకులో ఉంది, దానికి వేయండి అన్నాను. అది కంపెనీ బ్యాంకు కాదన్నాడు. కంపెనీ బ్యాంకులోనే నా పేరున తెరవండి అన్నాను. "నీ డబ్బు నీ పేరున, నీ ఒక్కదానికే చేరేటట్టు ఇచ్చే పద్ధతి మన కంపెనీలో లేదమ్మా" అన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నేను కూడా గుర్తు పెట్టుకున్నాను. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఆయనకు విసుగొచ్చింది. "సరే, చెక్కు రాసిస్తాను. బ్యాంకుల చుట్టూ తిరుగు. ఒక్క నెల తిరిగితే నువ్వే మీ నాన్న నంబరు తెచ్చి నా బల్ల మీద పెడతావు. లేదంటే ఈ కుర్చీ కోసం బయట చాలామంది ఉన్నారు" అన్నాడు. ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు కానీ నాకు బాగానే అర్థమైంది. ఆ నెలంతా నా కుర్చీ ఒక కాలు విరిగినట్టే ఉంది నాకు.

ఇంటికొచ్చి చెబితే, తువాలతో తల తుడుచుకుంటున్న బాపు ఆగిపోయాడు. "నా ఖాతాలవడితే బ్యాంకోళ్లు లోను కింద పట్టుకుంటరు బిడ్డా, అదొకటున్నది. గని గది గాదు అసలు ముచ్చట. నీ గొర్రె నాదెట్లయితది?" అన్నాడు. అంతే. మా ఇంట్లో దాని మీద ఇంక చర్చ జరగలేదు. అవ్వ మాత్రం, "కొలువు పోతే పోనీ. మందల గొర్లున్నయి, నువ్వెంట రా" అంది. (నా డిగ్రీ పట్ల మా అవ్వకున్న గౌరవం అలాంటిది.)

నెల తిరిగింది. పద్ధతి సారు ఒక కవరు నా బల్ల మీద పెట్టాడు, కుడివైపున. బస్సులో అందరి ముందూ తీయడానికి నాకు మనసొప్పలేదు. అదృష్టం కొద్దీ ఆ వారం బాపు మంద మా కంపెనీ వెనకగోడ అవతలి చెలకలోనే ఉంది. ఇక్కడ మందల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, తర్వాత జరిగింది తెలియాలంటే. పంట కోసిన చెలకలో రైతు గొర్రెల మందను రాత్రుళ్లు పడుకోబెట్టించుకుంటాడు, ఎరువు కోసం. దానికి కూలి ఇస్తాడు. మా బాపు మందకు ఒక నియమం ఉంది, మా తాత కాలం నుంచి వస్తున్నది. ఆఖరి రోజు పొద్దున కూలి చేతిలో పడేదాకా మంద ఆ చెలకలోంచి లేవదు. తిట్టుకోవడం, అరుచుకోవడం ఉండదు. బాపు రుమాలు పరుచుకుని కూర్చుంటాడు, గొర్రెలు కూర్చుంటాయి. రైతుకు నాగలి కట్టే తొందర ఉంటుంది కనుక కాసేపటికి పైసలు వాటంతటవే నడిచి వస్తాయి. ఇలా కూర్చుని సాధించిన కూలితోనే మా ఇల్లు నడిచింది.

సాయంత్రం కంపెనీ వదలగానే గోడ చుట్టూ తిరిగి మంద దగ్గరికి పరుగెత్తాను. బాపు చేతులు తువాలకు తుడుచుకుని, కవరును రెండు చేతులా అందుకున్నాడు. చెక్కు బయటికి తీసి, ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాడు. నా పేరు నేనే చదివి వినిపించాను. అవ్వ నా పేరు మీద వేలు పెట్టి, "గిదా? గిది నువ్వేనా?" అని మురిసింది. అప్పుడు బాపు ముఖం మారింది.

"గీ మూలకు గీ రెండు గీతలేంది బిడ్డా?"

చూశాను. ఎడమ చేతి మూలన, పైన, పెన్నుతో ఏటవాలుగా రెండు గీతలు గీసి ఉన్నాయి. గట్టిగా, తేటగా, కావాలని గీసినట్టే ఉన్నాయి.

"నాకు దెల్వదు బాపు."

 బాపు లేచి, మందలోకి నడిచి, ఒక గొర్రెను కాలు పట్టి లాగి నా ముందు నిలబెట్టాడు. దాని వీపు మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, రెండు గీతలు ఉన్నాయి. బేరగాడు బయానా ఇచ్చి పోయిన గొర్రెకు అలా గీతలు కొడతాం. సంత రోజున వచ్చి తోలుకుపోయేదాకా అది మా మందలోనే మేస్తుంది, మా నీళ్లే తాగుతుంది. కానీ మాది కాదు.

"గీతలు వడ్డంక గది మనది గాదు బిడ్డా. నీ చేతికిచ్చిండు గని, నీకియ్యలే," అన్నాడు బాపు.

"కొట్టేసిండు," అని అవ్వ తేల్చేసింది. "సూపిచ్చి కొట్టేసిండు. బ్యాంకుకు వోతే నలుగుట్ల నవ్వుతరు. గప్పుడు బాపు నంబరు దెస్తదనుకున్నడు."

మీరు అడగవచ్చు, నువ్వు బీకాం చదివావు కదా అని. చదివాను. చెక్కుల మీద ఒక పాఠం ఉంది, అందులో క్రాసింగ్ అనే ముక్క కూడా ఉంది, దాని మీద పరీక్షలో రెండు పేజీలు గడగడా రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ క్రాసింగ్ అనేది చూడటానికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. బొమ్మ ఉన్న పేజీని నాకంటే ముందు ఆ పుస్తకం చదివిన అక్కెవరో చింపుకుని పోయింది. మిగిలిన పాఠమంతా పరీక్ష రాసిన రోజే నా బుర్రలోంచి దిగి పాలమూరు బస్టాండులోనే ఉండిపోయింది. ఫోన్‌లో చూడొచ్చు కదా అంటారా? కోపమొచ్చిన మనిషి ఫోన్‌లో చూడదండీ. పైగా నాకు ఆ సాయంత్రం అనుమానమే లేదు. నెల రోజుల కష్టాన్ని ఒక కాగితం మీద రాసి, నాకు చూపించి, రెండు గీతలతో కొట్టేశాడు. నా పేరు అక్కడ రాసింది కూడా నన్ను వెక్కిరించడానికే అనుకున్నాను. ఏడుపొచ్చింది. అవ్వ ముందు ఏడిస్తే మందతో రమ్మంటుందని మింగేశాను.

"పొద్దుగాల నేనొస్త," అన్నాడు బాపు.

"ఒచ్చి ఏం జేస్తవు బాపు?"

"ఏం జేస్త? కూసుంట."

మర్నాడు పొద్దున నేను గేటు దగ్గరికి వచ్చేసరికి బాపు, అవ్వ, మంద మొత్తం అక్కడ ఉన్నారు. నిజం చెప్పాలంటే, మందను లోపలికి తేవాలని బాపు అనుకోలేదు. వాచ్‌మన్ కాకా గేటు తీయకపోతే బయటే కూర్చునేవాడు. అప్పుడే దాణాకు మొక్కజొన్నలు తెచ్చే మక్కల లారీ వచ్చింది. కాకా గేటు బార్లా తీశాడు. లారీ లోపలికి పోయింది, మక్కల వాసన తగిలిన పెద్ద పొట్టేలు దాని వెనక పోయింది, పొట్టేలు వెనక మంద పోయింది. మందకు మా కంపెనీ గేటైనా ఒకటే, చెలక గట్టైనా ఒకటే. కాకా చేతులు చాపి, "ఓ పెద్దమనిషీ, నా కొలువు వోతది!" అని మొత్తుకుంటుంటే, బాపు, "నా బిడ్డది గూడ గదే కథ కాకా," అని మందతోపాటు లోపలికి నడిచాడు.

ఆఫీసు ముందర ఒక పచ్చగడ్డి తివాచీ ఉండేది. కంపెనీ యజమాని అయిన సేటు దాన్ని బెంగళూరు నుంచి తెప్పించి పరిపించాడు. దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు, మేనేజరు కూడా చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఎండాకాలం మొదలైన ఆ రోజుల్లో మా గొర్రెలు అలాంటి గడ్డిని కలలో కూడా చూసి ఉండవు. అవి ఒక్క మాట కూడా మాట్లాడకుండా తలలు వంచి పనిలోకి దిగాయి. బాపు రుమాలు దులిపి, ఆఫీసు మెట్టు మీద పరుచుకుని కూర్చున్నాడు. అవ్వ కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని పక్కన కూర్చుంది. బస్సు దిగిన ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లందరూ అక్కడే ఆగిపోయారు.

పద్ధతి సారు తలుపు తీసుకుని బయటికొచ్చాడు.  ఆయన నోటి వెంట ఒకే మాట వచ్చింది, మళ్లీ మళ్లీ అదే వచ్చింది.

"ఇది పద్ధతి కాదు! ఇది పద్ధతి కాదు! ఎవరు నువ్వు? ఏం చేస్తున్నావిక్కడ?"

"మంద వెట్టిన సారు," అన్నాడు బాపు, ఎంతో మర్యాదగా. "నా బిడ్డ కూలి ముట్టంగనే లేస్తది."

"మందేంటి? నిన్నెవరు పెట్టమన్నారు?"

"గడ్డి మంచిగ మొలుస్తది కొడుకా, జర ఆగు," అంది అవ్వ. "గీ ఎరువు నీకు పైసలు వెట్టినా దొర్కది."

నేను ముందుకు వచ్చాను.  చెక్కు తీసి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను.

"ఇయ్యకుంటే ఇయ్యనని చెప్పుండ్రి సార్. రాసిచ్చి కొట్టేసుడెందుకు? నన్ను బ్యాంకుల నవ్వులపాలు చేద్దామనా? నెలంత కష్టం జేసిన. నా పేరు మీద గీతలెట్ల కొడ్తరు?"

ఆయన చెక్కును చూశాడు. నన్ను చూశాడు. బాపును చూశాడు. ఒక గొర్రె వచ్చి ఆయన బూటు వాసన చూసింది, దాన్ని కూడా చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది నవ్వని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"నువ్వు బీకాం కదమ్మా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో, పాలమూరు బస్టాండులో ఉండిపోయిన నా పాఠం బస్సెక్కి తిరిగి రావడం మొదలుపెట్టింది. కానీ అప్పటికే ఆయన అందరికీ వినపడేటట్టు, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పేస్తున్నాడు. "అవి కొట్టేసిన గీతలు కావు. చెక్కును క్రాస్ చేయడం అంటారు దాన్ని. ఆ రెండు గీతలుండి, చెక్కు మీద నీ పేరుంటే డబ్బు నీ ఖాతాలోనే పడుతుంది. చెక్కు ఎక్కడైనా పోయినా, ఎవడు ఎత్తుకుపోయినా, బ్యాంకులో చేతికి పైసా ఇవ్వరు. మీ నాన్న తీసుకుపోయినా ఇవ్వరు. నీ డబ్బుకు కాపలా కోసం గీశానమ్మా అవి! మంచి చేస్తే ఇలా గొర్రెలను తోలుకొస్తారా?"

 గొర్రెలు గడ్డి పీకుతూనే ఉన్నాయి. నా చెవులు వేడెక్కిపోయాయి. బాపు మెల్లగా రుమాలు ఎత్తి దులుపుకుంటున్నాడు. తప్పు తెలిస్తే లేచి వెళ్లిపోవడం కూడా ఆయన నియమమే. టిఫిను అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు దాచుకోవడానికి కాబోలు. ఆ క్షణంలో ఆ బెంగళూరు గడ్డి రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. గొర్రెలు అప్పటికి దాన్ని చాలావరకు మింగేశాయి కనుక ఆ అవకాశం కూడా లేదు.

ఇంకెవరైనా అయితే అక్కడ తలవంచుకుని క్షమించమని అడిగేవాళ్లు. నేనూ అడగబోయాను. అడగబోతుంటే, ఆయన చెప్పిన మాట నా తలలో ఇంకోసారి తిరిగింది. నీ ఖాతాలోనే పడుతుంది. మీ నాన్న తీసుకుపోయినా ఇవ్వరు.

"బాపు, కూసో," అన్నాను.

బాపు కూర్చున్నాడు.

"సార్, నేను చేరిన కొత్తల మీరేమన్నరు? నా పైసలు నా ఒక్కదానికే చేరేటట్టు ఇచ్చే పద్ధతి మన కంపెనీల లేదన్నరు. అన్నరా లేదా?"

"అన్నాను. అయితే?"

"మరి గీ రెండు గీతలేంది సార్?"

ఆయన చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది.

"పద్ధతి ఉన్నది సార్. మీ పెన్నులనే ఉన్నది. మీరే గీసిండ్రు, మీరే ఇప్పుడు అందరికి చెప్పిండ్రు. నాకు ఎట్ల గీసిండ్రో అందరికి అట్లనే గీయుండ్రి."

"అందరికీ ఏమిటి? అది... నువ్వు గొడవ చేశావని..."

అప్పుడు టిఫిను అక్క నోటి మీది కొంగు తీసేసింది. అది నవ్వు దాచుకోవడానికి పెట్టుకున్నది కాదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. గొర్రెల మధ్యలోంచి దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, డబ్బా చంకలో పెట్టుకుని, "సారూ, నాకు గూడ రెండు గీతలు కొట్టుండ్రి," అంది. గొంతు పెద్దగా లేదు. కానీ ఆమె అక్కడి నుంచి కదల్లేదు. ఆమె వెనక ఇంకొకామె, "నాకు గూడ" అంది. ఆ తర్వాత ఎవరెవరు అన్నారో నాకు తెలియదు, గొర్రెల అరుపులూ మనుషుల మాటలూ కలిసిపోయాయి.

పద్ధతి సారు గడియారం చూసుకున్నాడు. సేటు కారు వచ్చే వేళయింది. గడ్డి వంక చూశాడు, అది గడ్డిలా లేదు. "సరే సరే! ముందు ఈ గొర్రెలను బయటికి తోలండి!" అన్నాడు.

"ముందుగాల మాట," అంది అవ్వ, కర్ర నేలకు ఆనించి. "కూలి ముట్టక మంద లెవ్వది కొడుకా. గిది మా పద్ధతి."

ఆయన చేతులెత్తి, అందరి ముందూ, "ఎవరు అడిగితే వాళ్లకు వాళ్ల పేరునే ఇస్తాను," అన్నాడు. బాపు లేచి నాలుక మడిచి ఒక ఈల వేశాడు. మంద మొత్తం ఒక్కసారిగా తలలెత్తి, సేటు కారు మలుపు తిరిగే లోపల, వచ్చిన దారినే బయటికి నడిచింది. పొట్టేలు మాత్రం వెనక్కి తిరిగి ఒకసారి మక్కల లారీని చూసుకుంది. గడ్డి గురించి సేటుకు మేనేజరు ఏం చెప్పాడో మాకెప్పటికీ తెలియలేదు. నా కుర్చీ మాత్రం నాకు మిగిలింది. మరుసటి వానాకాలానికి ఆ గడ్డి మునుపటికంటే దట్టంగా మొలిచిందని కాకా చెప్పేవాడు. అవ్వ వింటే ఇంకా రెండు మాటలు ఎక్కువ చెప్పేదని నేను ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ చెక్కును మా ఊరి బ్యాంకుకు తీసుకుపోతే, కౌంటర్ అవతలి మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జీతం ఇంకా చెక్కు మీద ఇస్తున్నారా?" అంది. "ఇస్తలేరు మేడమ్, నేను తీసుకుంటున్న," అన్నాను. స్కూలు తర్వాత ముట్టుకోక నిద్రపోయిన నా ఖాతాను లేపడానికి ఆమె నా చేత సంతకాల మీద సంతకాలు పెట్టించింది. పైసలు వచ్చిపడటానికి ఇంకో రెండు సార్లు తిరిగాను. పద్ధతి సారు అన్నట్టే తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. కానీ బాపు నంబరు మాత్రం ఆ బల్ల మీదికి పోలేదు.

ఆ తర్వాతి నెల నుంచి పద్ధతి సారుకు కష్టకాలం మొదలైంది. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకరిని చూసి ఒకరు చెక్కులు అడిగారు. రాసేది ఆయనే, గీతలు గీసేది ఆయనే. వేళ్లు నొప్పులు పుట్టి, కొన్నాళ్లకు టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. చివరికి కంపెనీ బ్యాంకు వాళ్లను ఆయనే పిలిపించి, ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో బల్ల వేయించి, ఆడవాళ్లందరికీ ఎవరి పేరున వాళ్లకు ఖాతాలు తెరిపించాడు. ఇదే పద్ధతి అని, తను ముందు నుంచీ చెబుతున్నానని కూడా అన్నాడు. మేము ఎవరమూ కాదనలేదు. ఆ తర్వాతి జీతం రోజున ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసపెట్టి అన్నీ. టిఫిను అక్క తన ఫోనును రెండు చేతులా పట్టుకుని చూసి, మళ్లీ దాచుకుని, సంచులు కుట్టే పనిలో పడింది. సాయంత్రం చౌరస్తాలో బస్సు ఆపించి అందరికీ మిర్చిబజ్జీలు పెట్టించింది. బండి మీది అట్టకు ఫోన్ ఎదురుగా పట్టడం ఆమెకు నేనే నేర్పాను. అది టింగుమంటే ఆమె ఉలిక్కిపడి, వెంటనే పకపకా నవ్వింది.

నేను మాత్రం ఇంకొన్ని నెలలు చెక్కే తీసుకున్నాను. ఎందుకంటే, అదంతే. బ్యాంకు మేడమ్ విసుక్కుంటే తప్ప మానలేదు.

ఇప్పుడు నేను పాలమూరులో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. అందరి జీతాలూ నేనే వేస్తాను, కుర్చీలోంచి లేవకుండా, ఒక్క నొక్కుతో. చెక్కు చేతిలో పట్టుకుని చాలా ఏళ్లయింది. కొత్తగా చేరిన పిల్లలకు చెక్కు చూపిస్తే లాటరీ చీటీ అనుకునేటట్టున్నారు. అవ్వ లేదిప్పుడు. బాపు ఉన్నాడు, మంద కూడా ఉంది, కాస్త తగ్గింది. మొన్న ఆదివారం ఊరికి పోతే మంద దగ్గర ఒక బేరగాడు తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు. నా గొర్రె సంతతిలోది, బలిసిన ఆడగొర్రె ఒకటి అతనికి నచ్చింది. దాని వీపు మీద జాజుతో రెండు గీతలున్నాయి.

"గిది అమ్ముడువోయిందా పెద్దయ్యా? గీతలున్నయి కద," అంటున్నాడు.

"అమ్ముడువోలే. గది క్రాస్ జేసింది," అన్నాడు బాపు, చుట్ట నోట్లోంచి తీయకుండానే. "బిడ్డ ఖాతాల గొర్రె. నేనడిగినా ఇయ్యరాదు."

సంతలన్నిటిలోనూ రెండు గీతలంటే అమ్ముడుపోయిన గొర్రె. మా బాపు మందలో మాత్రం ఆ రోజు నుంచి ఇప్పటిదాకా, ఎవరికీ అమ్మరాని నా గొర్రె. ఈ లెక్క బేరగాళ్లకు చెప్పలేక, మార్చుకోలేక ఆయన ఇన్నేళ్లుగా తిప్పలు పడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నేను నవ్వాపుకుంటుంటే నా ఫోన్ టింగుమంది. నెల జీతం పడింది.

"ఏంది బిడ్డా?"

"జీతం బాపు."

బాపు దగ్గరికి వచ్చి, ఫోన్‌ను ఎండకు అడ్డంగా పట్టుకుని, ఆ రోజు చెక్కును చూసినట్టే చూశాడు.

"గీతలేవి?"

"ఫోన్ల జీతానికి గీతలుండయి బాపు."

ఆయన తల పంకించి ఫోను నా చేతిలో పెట్టాడు. పచ్చగడ్డి మీద గొర్రెల మధ్య నిలబడి, బంగారం లాంటి చెక్కును మేనేజరు ముఖాన ఊపుతూ అరుస్తున్న ఆ పిల్ల నాకు కళ్ల ముందు కనపడింది. ఒక్క ముక్క తెలియదు దానికి. ఎంత ధైర్యంగా ఉండేదో.

"గీతలు లేవంటే జర పైలం బిడ్డా," అన్నాడు బాపు, జాజు ముద్ద కోసం సంచీలో చెయ్యి పెడుతూ.